పాడవని అన్నం

సాంబారు వండి నెల దాటింది. హైమవతి డబ్బా మూత తీసి, గరిటెతో అడుగుదాకా కలిపి, వాసన చూసి, చిన్న గిన్నెలోకి వంచుకుంది. చుట్టూ నిలబడ్డ పరిశోధక విద్యార్థులు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆమె గిన్నె ఎత్తి రెండు గుక్కలు తాగింది.

"ఎలా ఉంది మేడమ్?"

"ఉప్పు తక్కువైంది," అంది హైమవతి. "వండిన రోజున కూడా తక్కువే."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ల్యాబంతా నవ్వులు, చప్పట్లు. ఫ్రిజ్ లేదు, మందు కలపలేదు. కాకినాడ ఎండల్లో బల్లమీద ఊరికే పెట్టిన సాంబారు అప్పుడే పొయ్యిమీంచి దించినట్టు ఉంది.

హైమవతికి నలభై దాటాయి. ఊళ్ళో ఒక చిన్న పరిశోధన కేంద్రంలో సూక్ష్మజీవుల మీద పనిచేస్తుంది. భర్త జోగారావు పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ వంటలు చేసిపెట్టే కేటరింగ్ కాంట్రాక్టరు. ఈ పరిశోధనకి మూలం ఆయన వంటలే. పెళ్ళైన కొత్తల్లో ఆమె సరదాగా ఆయనతో ఒక పెళ్ళికి వెళ్ళింది. భోజనాలయ్యాక కల్యాణమండపం వెనక్కి వెళ్తే అక్కడ గొయ్యి తవ్వి ఉంది. పనివాళ్ళు గంగాళాలు మోసుకొచ్చి అందులో కుమ్మరిస్తున్నారు. తెల్లటి అన్నం, గుత్తివంకాయ, బూరెలు, ఎవరూ గరిటె కూడా పెట్టని పెరుగు.

"వండినవాడు ఇది చూడలేడు హైమా. అందుకే నేనిటు రాను," అన్నాడు జోగారావు మొహం పక్కకి తిప్పుకుని.

ఆమె మాత్రం చూసింది. ఆ గోతిలో ఆమెకి అన్నమొక్కటే కనపడలేదు. ఆ వరి పండడానికి కాలువల్లో పారిన నీళ్ళు, వంగి నాట్లేసిన ఆడవాళ్ళ నడుములు, మిల్లులో కరెంటు, పొయ్యికింద మండిన గ్యాసు, అన్నీ కలిసి మట్టిలోకి పోతున్నాయి. పోయి ఊరుకోవు కూడా. గాలాడని చోట కుళ్ళిన తిండిలోంచి పుట్టే మీథేను పైకెగసి భూమిని వేడెక్కిస్తుంది. తినకుండా పారేసిన అన్నం మనుషులకి పనికిరాకపోగా ఎండల్ని పెంచుతుంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి, కోరింగ మడ అడవిలో నమూనాలు ఏరుతున్నప్పుడు, ఒకచోట బురదమీద రాలిన ఆకులు కుళ్ళకుండా పడి ఉండడం ఆమె గమనించింది. చుట్టూ అంతా కుళ్ళి నల్లబడితే ఆ కాస్త జాగాలో మాత్రం ఆకులు పసుపుపచ్చగా, బిరుసుగా ఉన్నాయి. వాటి మీద ఉన్న ఒక సూక్ష్మజీవి వాసనలేని ఆవిరి లాంటిదాన్ని వదులుతోంది. అది తగిలితే మిగతా సూక్ష్మజీవులు చావవు, నిద్రపోతాయి. కదలవు, పెరగవు, దేన్నీ కుళ్ళబెట్టవు. హైమవతి దాన్ని వత్తికి పట్టించి డబ్బా మూత లోపల అమర్చింది. దానికి "జోల" అని పేరు పెట్టింది. ఆ డబ్బాలో పెట్టిన అన్నం తిన్నవాళ్ళకి ఏ హానీ లేదని, కడుపులోకి వెళ్ళగానే ఆ జీవి చచ్చిపోతుందని డాక్టర్ల పరీక్షల్లోనూ తేలింది.

హైదరాబాదు కంపెనీ ఒకటి డబ్బాలు తయారుచేసి మార్కెట్లోకి వదిలింది. కంపెనీ ఎంత పెద్దదైనా ప్రతి కొత్త వత్తికీ హైమవతి ల్యాబునుంచే తోడు వెళ్ళాలి, పాలకి తోడు వేసినట్టే. వత్తిలో ఒకసారి పడితే ఆ జీవి ఏళ్ళతరబడి నిలుస్తుంది గానీ, అడవి బురద లేనిచోట దాన్నుంచి కొత్త తరాలు ఎక్కువ రావు. అందుకని ఆమె ల్యాబులో కోరింగ బురదలోనే దాన్ని పెంచి, సీసాల్లో పెట్టి హైదరాబాదు పంపేది.

మొదటి ఏడాది ఊరంతా జోల పేరే. చెత్త లారీలు సగం ఖాళీగా తిరిగాయి. మున్సిపాలిటీవాళ్ళు ఆమెకి శాలువా కప్పారు. అన్నం పారేసే అలవాటు ఈ దేశంలోంచి పోతుందని ఆ సభలో ఎవరో అంటే, ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

*

జోగారావు ఇంటి వెనక పెద్ద గది కట్టించాడు. నేలనుంచి కప్పుదాకా జోల డబ్బాలే. ఒక ఆదివారం మధ్యాహ్నం హైమవతిని తీసుకెళ్ళి గర్వంగా చూపించాడు.

"ఇది రావులపాలెం పెళ్ళిలో మిగిలిన చక్కెరపొంగలి. ఎల్లుండి తునిలో గృహప్రవేశానికి వడ్డిస్తాను. ఇదిగో, ఇటుపక్కంతా పులిహోర. ఎంతమంది వస్తారో, ఎంత వండాలో అని ఇన్నాళ్ళూ బుర్ర బద్దలుకొట్టుకునేవాణ్ణి. ఆ బాధ తీరిపోయింది. ఎక్కువే వండేస్తున్నా. మిగిలితే మంచిదేగా!"

"ఇంత ఎప్పటికి తింటారండీ?"

"ఎప్పటికో తింటారు. పాడవదుగా."

ఆమె నవ్వింది. అయితే ఆ వారంలోనే ఇంట్లో పెరుగు తోడుకోవడం మానేసింది. రాత్రి తోడేసిన పాలు పొద్దున్నకి పాలలాగే ఉంటున్నాయి. దోసెల పిండి పొంగడం లేదు. వెనక గదిలో అన్ని డబ్బాలున్నాయి, మూత తీసినప్పుడల్లా కొంచెం ఆవిరి బయటికి వస్తుందేమోనని ఆమె అనుకుంది. తోడు గిన్నె పట్టుకెళ్ళి మేడమీద పెట్టింది. అక్కడ పెరుగు తోడుకుంది. అంతటితో ఆ సంగతి మరిచిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఎస్తేరమ్మ ఇంటికొచ్చింది. ఆవిడ పూర్వం నర్సుగా పనిచేసింది. రిటైరయ్యాక పెద్దాసుపత్రి గేటు ఎదురుగా రేకుల షెడ్డులో భోజనశాల నడుపుతోంది. ఆసుపత్రిలో రోగికి తిండి పెడతారు, రోగి వెంట వచ్చినవాళ్ళకి పెట్టరు. పల్లెల్లోంచి, ఏజెన్సీ ఊళ్ళలోంచి వచ్చి మంచాల పక్కన నేలమీద పడుకునే వాళ్ళకి ఎస్తేరమ్మ మధ్యాహ్నం అన్నం పెడుతుంది. కల్యాణమండపాల్లో మిగిలింది వ్యానులో తెచ్చుకుని, వేడిచేసి వడ్డిస్తుంది. జోగారావు పదేళ్ళుగా ఆవిడకి వంటలు పంపేవాడు.

"తప్పుగా అనుకోకండి హైమగారూ," అంది ఎస్తేరమ్మ మంచినీళ్ళ గ్లాసు చేత్తో పట్టుకుని. "జోగారావుగారికి ఆరోగ్యం అదీ బాగానే ఉందా?"

"బాగానే ఉన్నారమ్మా. ఎందుకలా అడిగారు?"

"ఏమీ లేదండి. ఈమధ్య ఆయన దగ్గర్నుంచి ఫోను రావడం లేదు. వ్యాను పంపమని ఎవరూ అనడం లేదు. ఒక్క ఆయనే కాదులెండి, అందరూ అంతే. ఏ మండపానికి చేసినా మిగల్లేదమ్మా అంటున్నారు. నాకు సంతోషమే, పారెయ్యడం లేదు కదా అని. కానీ మా షెడ్డు దగ్గర నిలబడేవాళ్ళు తగ్గలేదండి. అందుకని, మీ ఎరికలో ఎవరైనా బియ్యం ఇచ్చేవాళ్ళుంటే చెబుతారేమోనని వచ్చాను."

హైమవతి తమ ఇంట్లో ఉన్న రెండు బస్తాల బియ్యం ఇచ్చి పంపింది. జోగారావు రాగానే అడిగింది.

"ఎస్తేరమ్మకి పంపడం మానేశారా?"

ఆయన చొక్కా గుండీలు తీసుకుంటూ ఆగాడు. "పంపడానికి మిగలాలి కదా. ఇప్పుడు మిగలడంలేదు, దాచుకుంటున్నాను. దాచుకోవడానికేగా నువ్వా డబ్బా చేసింది?"

ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. అందుకే ఆమెకి ఎక్కువ తగిలింది. ఇంతకాలం పెళ్ళి అన్నం ఆ షెడ్డుకి చేరింది ఆయన మంచితనం వల్లే అనుకుంది. మంచితనం ఉంది, కాదని కాదు. కానీ సాయంత్రానికి పాడైపోతుందన్న తొందర ఆ మంచితనాన్ని నడిపించింది. ఆ తొందరని ఆమె తీసేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఆసుపత్రి దగ్గరికి వెళ్ళింది. షెడ్డు ముందు వరస రోడ్డుదాకా ఉంది. లోపల గంగాళంలో గంజి, పక్కన ఉప్పుమిరపకాయలు. అడ్డతీగల నుంచి వచ్చిన పైడమ్మ అనే మనిషి వరసలో నిలబడి నిలబడి కింద కూలబడింది. ఎస్తేరమ్మ పరుగున వచ్చి నాడి చూసి, పంచదార నీళ్ళు తాగించింది. పైడమ్మ కూతురు లోపల పురిటి వార్డులో ఉందట. నిన్నటినుంచి తను ఏమీ తినలేదట.

"అమ్మాయికి పెట్టిన దాంట్లో కాస్త తినకపోయావా?" అని ఎవరో అడిగారు.

"పాలు పడాలి కదమ్మా దానికి," అంది పైడమ్మ.

హైమవతి ఆమెని గోడకి ఆనించి కూర్చోబెట్టి, తనే గంజి పట్టింది. ఇక్కణ్ణుంచి తన ఇల్లు ఎంతో దూరం లేదు. వెనక గదిలో ఏదో పెళ్ళిలో మిగిలిన చక్కెరపొంగలి చల్లగా, తియ్యగా, ఎవరికీ అక్కర్లేకుండా నిద్రపోతోంది.

*

వారం తిరక్కుండా ఖాదర్ ఫోన్ చేశాడు. ఆయన మున్సిపాలిటీలో ఇంజనీరు. ఊరి చెత్తలోంచి తడిచెత్త వేరుచేసి ఎరువు తయారుచేసే యార్డు చూస్తాడు.

"మేడమ్, ఒకసారి యార్డుకి రాగలరా? గుట్ట వేడెక్కడం లేదు."

తడిచెత్త గుట్ట ఎరువుగా మారేటప్పుడు లోపల సూక్ష్మజీవుల పనికి పొగలు కక్కేంత వేడి పుడుతుంది. చెయ్యి పెడితే కాలుతుంది. హైమవతి వెళ్ళేసరికి ఖాదర్ ఒక పొడుగాటి థర్మామీటరు గుట్టలో గుచ్చి నిలబడి ఉన్నాడు. 

"చూడండి. బయట గాలి వేడి ఎంత ఉందో లోపలా అంతే ఉంది."

ఆమెకి ముందు తెలిసింది వాసన. చెత్తయార్డులో ఉండాల్సిన వాసన కాదు. పులిహోర పోపు, నెయ్యి, యాలకులు, బిర్యానీ మసాలా. ఏదో పెద్దింటి పెళ్ళిలో వంటశాల దగ్గర నిలబడ్డట్టుంది. గుట్టంతా అన్నమే. మెతుకు మెతుకు విడివిడిగా, తెల్లగా. లడ్డూలు లడ్డూల్లాగే ఉన్నాయి. కాకులు కూడా కడుపునిండి గోడమీద కూర్చున్నాయి.

"ఇదంతా ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంది.

"ఇళ్ళలోంచే. ఏడాదిపాటు లారీలు ఖాళీగా వచ్చాయి కదండీ, ఇప్పుడొకటే రావడం. పండక్కి ఇల్లు సర్దుకుంటూ డబ్బాలన్నీ ఖాళీ చేస్తున్నారు. పాడైపోలేదమ్మా ఎందుకు పారేస్తున్నారు అని మావాళ్ళు అడిగితే, ఎన్నాళ్ళని తింటాం, మొహం మొత్తింది అంటున్నారట."

హైమవతి వంగి గుప్పెడు అన్నం చేతిలోకి తీసుకుంది. అది కుళ్ళకపోవడం ఆమె గెలుపు. అది ఇక్కడ ఉండడం ఆమె ఓటమి. రెండూ ఒకే గుప్పిట్లో ఉన్నాయి. తిండి పాడవకుండా ఆపగలిగింది గానీ మనిషికి దానిమీద ఇష్టం పాడవకుండా ఆపలేకపోయింది. దాచుకోవచ్చు అన్న ధైర్యంతో జనం ఇంకా ఎక్కువ కొన్నారు, ఇంకా ఎక్కువ వండారు.

"ఇంకో సంగతి ఉందండి," అన్నాడు ఖాదర్ నెమ్మదిగా. "ఈ గుట్టలోంచి ముందు తీసిన ఎరువు సామర్లకోట వైపు ఒక రైతు పట్టుకెళ్ళాడు. ఆయన చేలో కలియదున్నిన వరి మోళ్ళు ఇప్పటికీ మట్టిలో అలాగే ఉన్నాయట. కుళ్ళటం లేదట."

ఆమెకి ఇంట్లో తోడుకోని పాలు గుర్తొచ్చాయి. అప్పుడు గిన్నె మేడమీదకి మార్చి ఊరుకుంది. పొలాన్ని ఏ మేడమీదకి మారుస్తారు? పారేసిన అన్నంతో పాటు వత్తిలోని జీవి గుట్టలోకి, గుట్టలోంచి మట్టిలోకి వెళ్ళింది. తడిమట్టి దానికి అడవి బురదలాగే పనికొచ్చింది. మట్టి నిద్రపోతోంది. నిద్రపోయిన మట్టిలో పైరు ఏం తిని పెరుగుతుంది?

ల్యాబుకి వచ్చి ఆమె మొదట చేసిన పని తోడు సీసాలు పంపడం ఆపించడం. రెండోది, కంపెనీ డైరెక్టరు మాళవికకి ఫోన్ చెయ్యడం. చూసిందంతా చెప్పింది.

మాళవిక ఓపిగ్గానే విన్నది. "చెత్త సంగతి మున్సిపాలిటీ చూసుకుంటుంది డాక్టర్. మనం అమ్మేది డబ్బా. జనం ఎక్కువ వండుకుంటే మన తప్పా?"

"తప్పెవరిదో నేను అడగడం లేదండి. మట్టి సంగతి తేలేదాకా తోడు పంపను."

"ఎన్నాళ్ళు?"

"తెలీదు."

"మీ ల్యాబు నడుస్తున్నది మా సాయంతో. అది మీకు గుర్తుందనుకుంటాను."

"గుర్తుంది," అంది హైమవతి. ఫోన్ పెట్టేసి తలెత్తి చూసింది. అద్దాల తలుపు అవతల విద్యార్థులు ఏదో మాట్లాడుకుంటూ పనిచేసుకుంటున్నారు. వాళ్ళకి ఇంకా ఏమీ తెలియదు.

*

కోరింగకి పడవలో వెళ్తున్నంతసేపూ ఆమెని ఒక ప్రశ్న తొలుస్తూనే ఉంది. ఆ జీవి పుట్టింది మడ అడవిలో. మరి అడవి మొత్తం ఎందుకు నిద్రపోలేదు? అక్కడ ఆకులు కుళ్ళుతూనే ఉన్నాయి, పీతలు, రొయ్యపిల్లలు ఆ కుళ్ళు తిని పెరుగుతూనే ఉన్నాయి. మొదటిసారి వచ్చినప్పుడు ఆమె కుళ్ళని ఆకులు ఏరుకుని సంబరంగా వెళ్ళిపోయింది. ఆ ఆకులు తర్వాత ఏమయ్యాయో చూడలేదు.

ఈసారి ఉండిపోయింది. అటవీశాఖవాళ్ళ చెక్క వంతెన మీద పొద్దున్నే వచ్చి కూర్చుని చూసేది. ఆటుకి నీళ్ళు వెనక్కి తీసినప్పుడు బురద బయటపడేది. పసుపుపచ్చ ఆకులు బిరుసుగా, కుళ్ళకుండా పడి ఉండేవి. పోటు వచ్చి నీళ్ళు కమ్మి మళ్ళీ వెనక్కి వెళ్ళేవి. అలా కొన్ని పోట్లు వచ్చిపోయాక, ఒకరోజు ఆ ఆకుల అంచులు నల్లబడ్డాయి. మర్నాటికి మెత్తబడ్డాయి. పీతలు వచ్చి ముక్కలు చేసుకుని బొరియల్లోకి లాక్కుపోయాయి.

ఆమె ఆ నల్లబడిన అంచుల్ని ల్యాబుకి తెచ్చి చూసింది. పోటునీళ్ళతో వచ్చి చేరే మరో జీవి ఒకటి దొరికింది. అది జోల ఆవిరినే తిని బతుకుతోంది. ఆవిరి అయిపోగానే నిద్రపోతున్నవన్నీ లేస్తున్నాయి. 

ఆరోజు ఇంటికొచ్చి జోగారావుతో చెప్పింది. "అడవిలో నిద్రపుచ్చేదీ ఉంది, లేపేదీ ఉంది. ఆకుని కాసేపు ఆపుతుంది, పీతలకి అందేదాకా. ఆ తర్వాత వదిలేస్తుంది. నేను సగమే తెచ్చుకున్నానండీ."

ఈమధ్య జోగారావు మాటలు తగ్గాయి. ఆరోజు మాత్రం తనే మొదలుపెట్టాడు.

"మొన్న పిఠాపురంలో ఒక పెద్దాయన పంక్తిలో కూర్చుని, ఈ పప్పు బావుందయ్యా, ఎప్పుడు వండావు అనడిగాడు. మామూలుగా అడిగాడంతే. వండినవాణ్ణి నేనే హైమా. ఎప్పుడు వండానో, ఏ పెళ్ళికి వండానో తెలీదు. ముప్ఫై ఏళ్ళనుంచి ఈ పనిలో ఉన్నాను. అలాంటి రోజు ఎప్పుడూ రాలేదు."

ఆమె ఆయన పక్కన కూర్చుంది.

"ఆ రెండో జీవిని కూడా వత్తిలో పెడితే ఏమవుతుంది?" అన్నాడాయన.

"మర్నాటి సాయంత్రం దాకా నిలవ ఉంటుంది. తర్వాత మామూలు అన్నంలాగే పాడైపోతుంది. చెత్తలోకి వెళ్ళినా హాని చెయ్యదు, మట్టి నిద్రపోదు."

"పాడైపోయే డబ్బా ఎవరు కొంటారు?"

"అదే మాళవికగారూ అంటారు."

అలాగే అంది. కొత్త వత్తి చూపించినప్పుడు మాళవిక మర్యాదగానే నవ్వి, ఇక తమకి ఈ పనితో సంబంధం లేదని చెప్పింది. ఆ నెలాఖరుకే ల్యాబుకి సాయం ఆగిపోయింది. విద్యార్థులు ఒక్కొక్కరే వేరే ఊళ్ళకి, వేరే గైడ్ల దగ్గరికి వెళ్ళారు. వెళ్ళేముందు ప్రతివాళ్ళూ వచ్చి నమస్కారం పెట్టారు. ఆమె ఎవర్నీ ఆపలేదు. ఆఖరివాడు వెళ్ళాక ఖాళీ బల్లలు తుడుచుకుంటూ కొంచెంసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, నిద్రలేపే జీవిని డ్రమ్ముల్లో పెంచడం మొదలుపెట్టింది.

ఆ డ్రమ్ములు ఖాదర్ యార్డుకి వెళ్ళాయి. పనివాళ్ళు గుట్టమీద ఆ నీళ్ళు చల్లి, పారలతో తిరగేశారు. మొదటి రోజుల్లో ఏమీ జరగలేదు. ఖాదర్ రోజూ థర్మామీటరు గుచ్చి చూసి తల అడ్డంగా ఊపేవాడు. ఒక ఉదయం హైమవతి గేటు దాటుతుండగానే కంపు కొట్టింది. కడుపులో తిప్పేసే, అసలు సిసలైన కుళ్ళు కంపు. గుట్ట మీంచి ఆవిర్లు లేస్తున్నాయి. ముక్కుకి రుమాలు కట్టుకున్న ఖాదర్ దూరంనుంచే రెండు చేతులూ ఊపాడు. కాలుతోందని సైగ చేశాడు. ఆమె ముక్కు మూసుకోలేదు.

సామర్లకోట రైతు పొలం మామూలు కావడానికి ఎక్కువకాలం పట్టింది. ఒక పంట తక్కువే పండింది. ఆ నష్టం పూడ్చడానికి జోగారావు ఆ ఏడంతా ఆయన ధాన్యమే కొన్నాడు. పాత వత్తులు మాత్రం ఇప్పటికీ ఎక్కడో అక్కడ ఇళ్ళలో ఉంటూనే ఉన్నాయి. ఏదైనా యార్డులో గుట్ట వేడెక్కలేదంటే హైమవతి డ్రమ్ము పంపిస్తుంది.

*

జోగారావు వెనక గది ఖాళీ చేశాడు. తినగలిగింది ఎస్తేరమ్మ షెడ్డుకి వెళ్ళింది. మిగిలింది యార్డుకి. తర్వాత వంట పద్ధతే మార్చాడు. పెళ్ళివారు బేరానికి వస్తే ముందే చెప్పేవాడు.

"బాబూ, ఎంతమందిని పిలిచారన్నది నాకొద్దండి. ఎంతమంది వస్తారో ఫోన్లు చేసి కనుక్కుని ముందురోజు చెప్పండి. సగం వండి పెడతాను. పంక్తులు లేచేదాన్ని బట్టి మిగతా సగం పొయ్యి ఎక్కిస్తాను. వేడివేడిగా తింటారు, వృథా కాదు. ఇరవై రకాలు వద్దు, పది చాలు. విస్తట్లో మొదట కొంచెమే వడ్డిస్తాం. కావాలంటే ఎన్నిసార్లయినా వేస్తాం. అయినా మిగిలితే, పెళ్ళిమండపం దాటకుండానే కొత్త డబ్బాల్లోకి ఎత్తి ఆసుపత్రికి పంపిస్తాం. దానికి ఇప్పుడే ఒప్పుకోండి."

కొందరు ఒప్పుకోలేదు. పది రకాలంటే పరువు తక్కువన్నారు, వేరే కాంట్రాక్టర్ల దగ్గరికి వెళ్ళారు. ఆయన పని తగ్గింది. కానీ పంక్తిలో ఎవరైనా ఎప్పుడు వండావయ్యా అంటే, "ఇందాకే దించానండీ, చెయ్యి కాలుతుంది చూసుకోండి," అంటున్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూడాలని హైమవతి అప్పుడప్పుడు పెళ్ళిళ్ళకి వెళ్తోంది.

ల్యాబు ఇప్పుడు ఎస్తేరమ్మ షెడ్డు వెనక ఒక గదిలో ఉంది. కొత్త వత్తులు అక్కడే తయారవుతాయి. కొనేది ఎక్కువగా హోటళ్ళవాళ్ళు, హాస్టళ్ళవాళ్ళు. మండపంలో మధ్యాహ్నం మిగిలినది మర్నాటి భోజనంవేళ దాకా నిలవ ఉంటే చాలు, ఊళ్ళో ఎక్కడున్న ఆకలికైనా చేరుతుంది. అంతకంటే ఎక్కువ నిలవ ఉండదని తెలుసు గనక ఎవరూ దాచుకోరు. ఫోన్ చేస్తారు, వ్యాను వెళ్తుంది.

ఒక మధ్యాహ్నం షెడ్డులో మనుషులు తక్కువయ్యారు. హైమవతి వడ్డిస్తోంది. ఆ పొద్దుటి పెళ్ళినుంచి కొత్త డబ్బాల్లో వచ్చిన ముద్దపప్పు, దొండకాయ వేపుడు, అన్నం. వరసలో చివరికి వచ్చిన ఒక నడివయసు ఆవిడ కంచం తీసుకోకుండా నిలబడింది. ఏలేశ్వరం నుంచి వచ్చిందట, భర్తకి కాలు ఆపరేషనట.

"ఏమ్మా, తినవా?"

"తింటానండి. రేపటికి కూడా కాస్త ఇస్తారా? ఆ డబ్బాలో పెడితే ఉంటుందంటున్నారు."

"ఉంటుంది. రేపు సాయంత్రం దాకా ఉంటుంది. ఆ తర్వాత పాడైపోతుంది, మళ్ళీ తినకూడదు."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "చాలండి. రేపు పొద్దున్నే ఇంటికి పొమ్మన్నారు మమ్మల్ని. బస్సులో ఇద్దరం తింటాం."

హైమవతి ఒక చిన్న డబ్బాలో అన్నం, పప్పు నింపి, మూత బిగించి ఇచ్చింది. ఆవిడ అక్కడే కూర్చుని తిని, డబ్బాని కొంగులో చుట్టుకుని బయటికి వెళ్ళింది. గేటు దగ్గర అప్పుడే ఆటో దిగిన ఒక ముసలాయన సంచీ పట్టుకుని, ఎటు వెళ్ళాలో తెలియక చూస్తున్నాడు. ఆవిడ ఆయనతో ఏదో మాట్లాడింది. భోజనశాల వైపు చెయ్యి చూపించింది. తర్వాత, ఏమనుకుందో ఏమో, తనే వెనక్కి తిరిగి ఆయన సంచీ అందుకుని షెడ్డు దాకా తీసుకొచ్చింది.

"ఈయన కూడా పొద్దున్నించీ ఏమీ తినలేదంటండీ. గంగాళంలో ఉందా?"

హైమవతి లోపలికి చూసింది. అడుగున ఒక మనిషికి సరిపడా అన్నం ఉంది.

"ఉంది," అంది. "కూర్చోమనండి."